లైబ్రరీ ఫైలుకు సంతకం: కీ తయారీ నుంచి డీటీపీ షాపులో వెరిఫై చేసేదాకా

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర డీటీపీ షాపు నడిపే ఒక తమ్ముడు ఓ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. "అన్నా, మీ కన్వర్టర్ ఫైలు వేసిన. యాంటీవైరస్ ఒకటే మొత్తుకుంటున్నది. ఇది మీరిచ్చిందేనా?"

మాది చిన్న ప్రాజెక్టు. అను ఫాంట్లలో టైపు చేసిన పాత మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చే లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్ మూట. సీ భాషలో రాసిన కోడ్ మొత్తం అందరికీ కనిపించేలా ఓపెన్‌సోర్స్‌గానే ఉంది. కానీ పెళ్లి పత్రికలు, కరపత్రాలు కొట్టే మనిషి సోర్స్ తెచ్చుకుని కంపైల్ చేసుకుంటూ కూర్చోడు కదా. రెడీగా ఉన్న డీఎల్ఎల్ (విండోస్ లైబ్రరీ) ఫైలు తీసుకుని వేసుకుంటాడు. ఈ తమ్ముడికి అది వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన జిప్‌లో దొరికింది.

ఆ ఫైలు నాకు పంపించమన్నాను. పేరు మాదే, సైజు కూడా ఇంచుమించు మాదే. మా అసలు రిలీజ్ బిల్డ్‌తో పోలుద్దామంటే, డిస్క్ నిండిందని దాన్ని ఎప్పుడో తీసేశాను. అదే సోర్స్‌ను మళ్లీ కంపైల్ చేసి చూస్తే బైట్లు కలవలేదు. కారణం తర్వాత తెలిసింది: విండోస్ డీఎల్ఎల్ లింక్ అయ్యేటప్పుడు ఆ క్షణం తేదీ, టైమ్ ఫైలు హెడర్‌లో పడతాయి. అంటే నేను చేసిన రెండు బిల్డులే ఒకదానితో ఒకటి కలవవు. ఆ రాత్రి అతనికి "మాదే" అని చెప్పలేకపోయాను, "మాది కాదు" అని కూడా చెప్పలేకపోయాను. "తీసేయ్ తమ్ముడూ" అని మాత్రం అన్నాను.

ఆ తర్వాత మేం ముగ్గురం కూర్చుని పద్ధతి మార్చుకున్నాం. నేను నల్లగొండలో ఉంటాను, మిగతా ఇద్దరిలో ఒకరు మహబూబ్‌నగర్‌లో, ఇంకొకరు మిర్యాలగూడలో. మేం ఇప్పుడు చేస్తున్నదాన్నే అడుగడుగునా కింద రాస్తున్నాను. కమాండ్లను పలికినట్టే తెలుగులో రాశాను. టెర్మినల్లో ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి.

సంతకం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ముందు హ్యాష్ సంగతి. ఎంత పెద్ద ఫైలునైనా ఎస్‌హెచ్‌ఏ-256 లెక్కలో వేస్తే 64 అక్షరాల వరుస ఒకటి వస్తుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. మరి హ్యాష్‌ను వెబ్‌సైట్‌లో పెడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వెబ్‌సైట్‌లోకి చొరబడినవాళ్లు డౌన్‌లోడ్ లింకులను తమ బ్యాక్‌డోర్ (దొంగదారి) ఉన్న ఐఎస్ఓ, అంటే ఇన్‌స్టాల్ ఫైలు వైపు తిప్పేశారు. సైటే చేతిలోకి వచ్చినవాడికి ఫైలు పక్కనున్న హ్యాష్‌ను మార్చడం పెద్ద పని కాదు.

సంతకం అలా కాదు. మీ దగ్గర రెండు కీలు ఉంటాయి. సీక్రెట్ కీ మీ దగ్గరే ఉంటుంది, పబ్లిక్ కీని ఊరంతా పంచుతారు. ఫైలు హ్యాష్ మీద సీక్రెట్ కీతో లెక్క కడితే వచ్చేదే సంతకం. దాన్ని పబ్లిక్ కీతో ఎవరైనా సరిచూడవచ్చు, కానీ సీక్రెట్ కీ లేకుండా ఎవరూ తయారు చేయలేరు. గద్వాల నడిగడ్డ రైతును అడగండి, సర్టిఫైడ్ విత్తనం సంచికి కుట్టే నీలం ట్యాగును నకిలీగాళ్లు కూడా అచ్చేయించుకోగలరని చెబుతాడు. ఈ సంతకానికి ఆ ఇబ్బంది లేదు. అది ఆ ఒక్క ఫైలులోని బైట్ల నుంచే పుడుతుంది కాబట్టి పీకి ఇంకో ఫైలుకు అంటిస్తే చెల్లదు.

అయితే లోపలున్న కోడ్ మంచిదని సంతకం చెప్పదు. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ యుటిల్స్ (ఫైళ్లను కుదించే టూల్) ఉదంతం చూడండి. అందులోని లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ అనే లైబ్రరీలోకి బ్యాక్‌డోర్ చేరింది. 5.6.0, 5.6.1 రిలీజులను, ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించుకున్న సహ మెయింటెయినరే తన సొంత కీతో సంతకం చేసి వదిలాడు. సంతకం సరిగ్గానే ఉంది, మనిషే సరైనవాడు కాదు. ఆ బ్యాక్‌డోర్‌ను తెరిపించే స్క్రిప్టు అందరూ కోడ్ చూసే గిట్ రిపాజిటరీలో లేదు, రిలీజ్ టార్‌బాల్‌లో, అంటే డౌన్‌లోడ్‌కు పెట్టిన సోర్స్ మూటలో మాత్రమే ఉంది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ తన మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని తవ్వబట్టి బయటపడింది. అందుకే మా మొదటి అడుగు కీ దగ్గర కాదు, బిల్డ్ దగ్గర మొదలవుతుంది.

మొదటి అడుగు: ఏ ఫైలు మీద సంతకం పెడుతున్నారో ఖరారు చేసుకోండి

ఒకే సోర్స్ నుంచి ఇద్దరు వేర్వేరు మెషీన్లలో బిల్డ్ చేస్తే అవే బైట్లు రావాలి. దీన్ని రీప్రొడ్యూసిబుల్ బిల్డ్ అంటారు. మాకు అడ్డం పడ్డవి మూడు. ఒకటి, ఇందాక చెప్పిన టైమ్‌స్టాంప్. సోర్స్ డేట్ ఎపాక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు చివరి కమిట్ (కోడ్ మార్పును గిట్‌లో నమోదు చేయడం) టైమ్ ఇస్తే చాలా టూల్స్ ఇప్పటి టైమ్ బదులు దాన్నే వాడతాయి. విండోస్ ఫైళ్లు తయారుచేసే మింగ్‌డబ్ల్యూ లింకర్‌కు "నో ఇన్సర్ట్ టైమ్‌స్టాంప్" ఆప్షన్ కూడా ఉంది. రెండు, ఫోల్డర్ పాత్. నా మెషీన్‌లో హోమ్ ఫోల్డర్ పేరు ఒకటి, మహబూబ్‌నగర్ మిత్రుడి మెషీన్‌లో ఇంకొకటి. డీబగ్ సమాచారంలో ఆ పాత్ యథాతథంగా వచ్చి కూర్చుంటుంది. జీసీసీ కంపైలర్‌లో "ఫైల్ ప్రిఫిక్స్ మ్యాప్" ఆప్షన్ దాన్ని తీసేస్తుంది. మూడు, కంపైలర్ వెర్షన్. అందరం ఒకే కంటెయినర్ ఇమేజ్ (టూల్స్ అన్నీ సర్ది ఉంచిన మూట) వాడటం మొదలుపెట్టాక ఆ బాధ తీరింది.

ఇప్పుడు ప్రతి రిలీజ్‌కూ ముందు గిట్‌లో ట్యాగ్ (ఈ కోడే ఈ రిలీజ్ అని చెప్పే గుర్తు) వేస్తాం, ఆ ట్యాగ్‌కు కూడా సంతకం ఉంటుంది. ఆ ట్యాగ్ నుంచే ఇద్దరం విడివిడిగా బిల్డ్ చేసి హ్యాష్‌లు పోల్చుకుంటాం. కలిస్తేనే సంతకం దాకా పోతాం. ఒకసారి కలవలేదు, రెండు రోజులు వెతికాం. ఒకరి దగ్గర కమిట్ చేయని చిన్న మార్పు ఉండిపోయింది. రిలీజ్ రెండు రోజులు లేటైనా ఎవరూ ఏమీ అనలేదు.

వరుస కూడా ముఖ్యమే. ముందు బిల్డ్, తర్వాత స్ట్రిప్ చేసి డీబగ్ సింబల్స్ తీసేయడం, తర్వాత టెస్టులు, ఆఖరున సంతకం. సంతకం అయ్యాక స్ట్రిప్ చేస్తే ఫైలు మారుతుంది, సంతకం చెల్లదు. వినడానికి చిన్న విషయమే గానీ ప్యాకేజింగ్ స్క్రిప్టులు మనకు తెలియకుండా స్ట్రిప్ చేసే సందర్భాలున్నాయి. జనం చేతికి ఏ ఫైలు వెళ్తుందో సరిగ్గా ఆ ఫైలు మీదే సంతకం పడాలి.

రెండో అడుగు: కీ తయారీ

మేం వాడేది గ్నూపీజీ, పొట్టిగా జీపీజీ, సంతకాలు చేసే, సరిచూసే టూల్. డెబియన్ అనే లినక్స్ రకం వాళ్లకు, జావా లైబ్రరీలు పంచే మావెన్ సెంట్రల్‌కు, లినక్స్ వాడేవాళ్లందరికీ పరిచయమున్నది అదే. జావా జార్ ఫైలు మావెన్ సెంట్రల్‌కు ఎక్కించాలంటే ప్రతి ఫైలుకూ జీపీజీ సంతకం తప్పనిసరి. అలాంటి అవసరమేమీ లేక కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మినీసైన్ చూడవచ్చు. చాలా చిన్న టూల్, తప్పు చేయడానికి తావు తక్కువ.

కీ ఒక్కటి చాలదు, రెండంచెలు కావాలి. పైన ప్రైమరీ కీ ఉంటుంది. దాని పని "ఈ సబ్‌కీ నాదే" అని ధ్రువీకరించడం, అంతే. కింద సైనింగ్ సబ్‌కీ ఉంటుంది, రోజువారీ సంతకాలు దానివి. లాప్‌టాప్ పోయినా, వైరస్ వచ్చినా పోయేది సబ్‌కీ మాత్రమే. దాన్ని రద్దు చేసి ప్రైమరీతో కొత్తది పుట్టించుకోవచ్చు. అందరి దగ్గరున్న మీ ఫింగర్‌ప్రింట్, అంటే ప్రైమరీ కీని గుర్తుపట్టే అక్షరాల వరుస, మారదు.

మహబూబ్‌నగర్ మిత్రుడి ఇంట్లో ఒక ఆదివారం కూర్చుని ఈ పని చేశాం. పాత లాప్‌టాప్ ఒకటి తీసుకుని, హార్డ్ డిస్క్ తీసేసి, పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ లినక్స్ ఎక్కించి, వైఫై ఆపేసి మొదలుపెట్టాం. ఒక జాగ్రత్త చెప్పాలి. అలాంటి పాత లాప్‌టాప్‌లో మదర్‌బోర్డు బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, నెట్ లేదు కాబట్టి గడియారం తనంతట తాను సరికాదు. మా దాంట్లో తేదీ ఏడాది ముందుకు జరిగి ఉంది. అలాగే కీ చేసి ఉంటే, మిగతా ప్రపంచానికి అది ఇంకా పుట్టని కీ, దాని సంతకాన్ని జీపీజీ ఒప్పుకోదు. ముందు తేదీ, టైమ్ చూసుకోండి.

ప్రైమరీ కీకి కమాండ్ ఇది:

జీపీజీ --క్విక్-జెనరేట్-కీ "ప్రాజెక్టు పేరు, ఈమెయిల్" ఈడీ25519 సర్ట్ 5వై

ఈడీ25519 అనేది కీ రకం. సర్ట్ అంటే ధ్రువీకరణకు మాత్రమే అని, 5వై అంటే అయిదేళ్ల గడువు అని. కమాండ్ పూర్తయ్యాక 40 అక్షరాల ఫింగర్‌ప్రింట్ కనిపిస్తుంది. ఆ తర్వాత సబ్‌కీ:

జీపీజీ --క్విక్-యాడ్-కీ ఫింగర్‌ప్రింట్ ఈడీ25519 సైన్ 14ఎం

పద్నాలుగు నెలలు ఎందుకో చివర్లో చెబుతాను.

పాస్‌ఫ్రేజ్ అడిగినప్పుడు ఒకే పదం ఇవ్వకండి. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆరేడు పదాలు కావాలి. వాటిని మనసులో అనుకుని ఎంచుకోవడం కన్నా పాచికలు వేసి జాబితా నుంచి ఎంచుకోవడం నయం. 7,776 పదాల జాబితా నుంచి ఆరు పదాలు తీస్తే దాదాపు 77 బిట్ల బలం వస్తుంది. తెలుగు పదాలు వాడాలనుకుంటే ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయండి. లైవ్ లినక్స్‌లో తెలుగు కీబోర్డ్ ఉండకపోవచ్చు, అవసరమైన రోజున టైపు చేయలేక ఇరుక్కుపోతారు. నోటికొచ్చిన శతక పద్యం పాదం మాత్రం వద్దు. మీకు నోటికొచ్చింది ఇంకా లక్షల మందికి వచ్చు.

కీ పుట్టగానే జీపీజీ తనంతట తానే ఒక రివొకేషన్ సర్టిఫికెట్ రాసి పెడుతుంది. అది డాట్ గ్నూపీజీ ఫోల్డర్ లోపల, ఓపెన్‌పీజీపీ-రివోక్స్ డాట్ డి అనే ఫోల్డర్లో ఉంటుంది. కీ దొంగ చేతిలో పడ్డ రోజున "ఇది ఇక చెల్లదు" అని ప్రకటించే కాగితం అది. పొరపాటున వాడేయకుండా దాని మొదటి గీతల ముందు ఒక కోలన్ పెట్టి ఉంచుతారు, వాడే రోజున ఆ కోలన్ తీసేయాలి. దాన్ని కాగితం మీద ప్రింట్ తీసి కవర్లో పెట్టండి. మా కవర్ మిర్యాలగూడలో ఉంది, ప్రైమరీ కీ ఉన్న పెన్‌డ్రైవ్‌లు రెండు మిగతా రెండు ఊళ్లలో ఉన్నాయి. రెండూ ఒకే బీరువాలో పెట్టొద్దు.

రోజూ వాడే లాప్‌టాప్‌లోకి సబ్‌కీ ఒక్కటే వెళ్లాలి. "ఎక్స్‌పోర్ట్ సీక్రెట్ సబ్‌కీస్" ఆప్షన్‌తో తీసి అక్కడ ఇంపోర్ట్ చేయండి. తర్వాత సీక్రెట్ కీల జాబితా అడిగితే ప్రైమరీ వరుసలో "సెక్" పక్కన హ్యాష్ గుర్తు (#) కనిపించాలి. ఆ గుర్తు ఉంటే ప్రైమరీ ఇక్కడ లేదని అర్థం. లేకపోతే మళ్లీ మొదటి నుంచి.

డబ్బు పెట్టగలిగితే సబ్‌కీని యూబీకీ, నైట్రోకీ లాంటి యూఎస్‌బీ టోకెన్‌లోకి ఎక్కించండి. అందులోంచి సీక్రెట్‌ను బయటికి తీయలేరు. కానీ ఎక్కించే కమాండ్ కీని కాపీ చేయదు, తరలిస్తుంది. సేవ్ చేశాక లాప్‌టాప్‌లో మిగలదు. బ్యాకప్ అయ్యాకే ఆ పని చేయండి.

మూడో అడుగు: సంతకం

ఇంత కథ నడిచాక ఈ అడుగు రెండు నిమిషాల పని. ఒక్కో ఫైలుకు అయితే:

జీపీజీ --ఆర్మర్ --డిటాచ్-సైన్ ఫైలుపేరు

పక్కనే డాట్ ఏఎస్‌సీ అనే చిన్న ఫైలు వస్తుంది. లైబ్రరీ ఫైలు ఒక్క బైట్ కూడా మారదు. లినక్స్ ఎస్ఓ ఫైలుకైనా, విండోస్ డీఎల్ఎల్‌కైనా, మ్యాక్ డైలిబ్‌కైనా ఇదే తీరు.

ఇక్కడొక లొసుగు ఉంది, మాకు ఆలస్యంగా అర్థమైంది. ఇలా విడి ఫైలుగా వచ్చే డిటాచ్డ్ సంతకం ఫైలు లోపలి బైట్లకే గానీ ఫైలు పేరుకు కాదు. ఎవరైనా బగ్గున్న మన పాత వెర్షన్‌ను, దాని అసలైన సంతకంతో సహా తీసుకుని, కొత్త వెర్షన్ పేరు పెట్టి పంచితే వెరిఫికేషన్ పాస్ అయిపోతుంది. అది మన సంతకమే మరి! అందుకని మేం ఇలా చేస్తాం. అన్ని ఫైళ్ల పేర్లలో వెర్షన్ నంబర్ పెడతాం, ఎస్‌హెచ్‌ఏ256సమ్ కమాండ్‌తో అన్నింటి హ్యాష్‌లనూ ఒకే జాబితా ఫైలులోకి రాస్తాం, ఆ జాబితాకు సంతకం చేస్తాం. పేరు, వెర్షన్, హ్యాష్ మూడూ ఆ సంతకం కిందికి వస్తాయి. డెబియన్ చేసేదీ దాదాపు ఇదే. అక్కడ సంతకం సాధారణంగా ఒక్కో ప్యాకేజీకి కాదు, హ్యాష్‌ల జాబితా ఉన్న రిలీజ్ ఫైలుకు ఉంటుంది. మినీసైన్‌లో అయితే ట్రస్టెడ్ కామెంట్ అని ఒక వరుస ఉంటుంది, దాని మీద కూడా సంతకం పడుతుంది. వెర్షన్ అందులో రాసుకోవచ్చు.

నాలుగో అడుగు: ఫింగర్‌ప్రింట్ జనానికి చేరడం

నా దృష్టిలో అసలు పని ఇదే. చాలా ప్రాజెక్టులు ఇక్కడే చేతులు దులుపుకుంటాయి.

ఎందుకంటే మీ ప్రాజెక్టు పేరు, మీ ఈమెయిల్ పెట్టి ఎవరైనా ఒక కీ తయారు చేసుకోవచ్చు, జీపీజీ అడ్డు చెప్పదు. ఆ దొంగ కీతో చేసిన సంతకాన్ని వెరిఫై చేసినా "గుడ్ సిగ్నేచర్" అనే వస్తుంది, పక్కన మీ పేరే కనిపిస్తుంది. అసలు కీకీ దొంగ కీకీ తేడా ఫింగర్‌ప్రింట్‌లోనే ఉంటుంది. అది జనానికి ముందే, వేరే దారిలో చేరి ఉండాలి. ఫైలు వచ్చిన దారిలోనే ఫింగర్‌ప్రింట్ కూడా వస్తే, ఆ దారి కాసిన దొంగ రెండూ మారుస్తాడు.

మేం నాలుగు దారులు పెట్టుకున్నాం. రిపాజిటరీలోని రీడ్‌మీ ఒకటి. వేరే చోట హోస్ట్ చేసిన మా వెబ్‌సైట్ రెండోది. మూడోది కీస్ డాట్ ఓపెన్‌పీజీపీ డాట్ ఓఆర్‌జీ అనే కీసర్వర్ (పబ్లిక్ కీలు పంచే సర్వర్). అక్కడ కీ ఎక్కించాక ఈమెయిల్‌కు వచ్చే లింకు నొక్కి ధ్రువీకరించడం మరచిపోకండి. లేకపోతే మీ పేరు, ఈమెయిల్ లేకుండా కీ మాత్రమే బయటికి వెళ్తుంది, దాన్ని ఇంపోర్ట్ చేయబోతే జీపీజీ యూజర్ ఐడీ లేదని వదిలేస్తుంది. నాలుగోది కాగితం. ఆ రాత్రి ఫోన్ చేసిన తమ్ముడే తన షాపులో విజిటింగ్ కార్డులు ప్రింట్ చేసి ఇచ్చాడు. కార్డు వెనకాల ఫింగర్‌ప్రింట్ నాలుగేసి అక్షరాల చొప్పున పది గుంపులుగా ఉంటుంది. మొదటి ప్రూఫ్‌లో బీకి, ఎనిమిదికి తేడా తెలియలేదు, డీ సున్నాలా కనిపించింది. ఫాంట్ మార్చి, సైజు పెంచాడు. నల్లగొండ, దేవరకొండ, జడ్చర్ల వైపు డీటీపీ షాపులకు వెళ్లినప్పుడల్లా ఆ కార్డు ఇచ్చి వస్తాం.

ఫోన్‌లో చదివి వినిపించాల్సి వస్తే ఇంకో తిప్పలు. ఫింగర్‌ప్రింట్‌లో ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు, సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు ఉంటాయి. బీ, సీ, డీ, ఈ ఫోన్‌లో అన్నీ ఒకేలా వినిపిస్తాయి. ఇంగ్లిష్‌లో ఎయిట్ అంటే కొందరికి ఏ అని వినిపిస్తుంది. అందుకని అంకెలన్నీ తెలుగులో, అక్షరాలకు మన ఊళ్లు: ఏకు అచ్చంపేట, బీకి భువనగిరి, సీకి చిట్యాల, డీకి దేవరకొండ, ఎఫ్‌కు ఫరూఖ్‌నగర్. ఈతో మొదలయ్యే ఊరు మా చుట్టుపక్కల గుర్తు రాక ఈద్గా అనుకున్నాం. "భువనగిరి, ఏడు, ఏడు, దేవరకొండ" అని చదువుతుంటే అవతలి మనిషి కార్డు మీద వేలు పెట్టుకుని సరిచూసుకుంటాడు. 40 అక్షరాలు ఒకటిన్నర నిమిషంలో అయిపోతాయి, తప్పు పోదు.

చివరి ఎనిమిది అక్షరాలు కలిస్తే చాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అదే చివరి ఎనిమిదితో వేరే కీని సాధారణ గ్రాఫిక్స్ కార్డుతో సెకన్లలో తయారు చేయవచ్చని 2014లోనే చేసి చూపించారు. మొత్తం 40 చూడాల్సిందే.

అయిదో అడుగు: వాడేవాళ్లు వెరిఫై చేసే తీరు

డౌన్‌లోడ్ పేజీలో దీన్ని తెలుగులో, స్క్రీన్‌షాట్లతో రాసి పెట్టండి. లినక్స్‌లో అయితే రెండు కమాండ్లు. జీపీజీ వెరిఫై ఆప్షన్‌కు ముందు సంతకం ఫైలు, తర్వాత జాబితా ఫైలు ఇవ్వాలి. సంతకం సరిపోయాక ఎస్‌హెచ్‌ఏ256సమ్‌కు "చెక్", "ఇగ్నోర్ మిస్సింగ్" ఆప్షన్లు ఇచ్చి జాబితాను చూపిస్తే, దగ్గరున్న ఫైళ్లను సరిచూసి ఓకే అంటుంది. ఈ రెండో కమాండ్ మరచిపోతే సంతకం జాబితాకే గానీ లైబ్రరీకి చూసినట్టు కాదు.

విండోస్‌లో జీపీజీ4విన్ వేసుకుంటే క్లియోపాత్రా అనే ప్రోగ్రాం వస్తుంది, అందులో మౌస్‌తోనే పని జరిగిపోతుంది. హ్యాష్ కోసం పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ చాలు.

మొదటిసారి వెరిఫై చేసినవాళ్లు ఒక వార్నింగ్ చూసి టెన్షన్ పడతారు: ఈ కీ నమ్మకమైన సంతకంతో ధ్రువీకరించలేదు, యజమానిదే అనడానికి ఆధారం లేదు అని. ఫైలు పాడైందని కాదు దాని అర్థం. కీ ఎవరిదో మీరింకా తేల్చలేదని జీపీజీ గుర్తు చేస్తోంది. ఆ వార్నింగ్ కింద ప్రైమరీ కీ ఫింగర్‌ప్రింట్ ఉంటుంది. కార్డు తీసి సరిపోల్చి, కలిస్తే క్లియోపాత్రాలో ఆ కీని సర్టిఫై చేయండి. మళ్లీ ఆ వార్నింగ్ రాదు. "బ్యాడ్ సిగ్నేచర్" అని వస్తే మాత్రం ఆ ఫైలును వాడొద్దు, మాకు ఫోన్ చేయండి అని పెద్ద అక్షరాల్లో రాశాం.

వెరిఫికేషన్ స్క్రిప్టులో పెట్టేవాళ్లు జీపీజీతోపాటే వచ్చే, సంతకం సరిచూడటానికి మాత్రమే ఉన్న జీపీజీవీ వాడటం మేలు. ప్రాజెక్టు కీ ఒక్కటే ఉన్న కీరింగ్ (పబ్లిక్ కీలు ఉంచే) ఫైలును దానికి ఇస్తే వేరే ఏ కీతో చేసిన సంతకాన్నీ ఒప్పుకోదు.

విండోస్, మ్యాక్ సొంత సంతకాలు

జీపీజీ సంతకాన్ని విండోస్ పట్టించుకోదు. దానికి కావాల్సింది ఆథెంటికోడ్, అంటే సర్టిఫికెట్ అథారిటీ దగ్గర కొనే సర్టిఫికెట్‌తో డీఎల్ఎల్ లోపలే పెట్టే సంతకం. 2023 జూన్ 1 నుంచి ఈ కోడ్ సైనింగ్ కీలు హార్డ్‌వేర్‌లోనే ఉండాలన్న నియమం వచ్చింది, ఖర్చు కూడా పెరిగింది. ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులకు ఉచితంగా సంతకం చేసిపెట్టే సైన్‌పాత్ ఫౌండేషన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎవరి దగ్గర చేయించినా టైమ్‌స్టాంప్ తప్పకుండా పెట్టించండి. అది ఉంటే సర్టిఫికెట్ గడువు తీరాక కూడా పాత సంతకం చెల్లుతుంది. ఈ సంతకం ఫైలు లోపల పడుతుంది కాబట్టి ఫైలు మారుతుంది. అంటే ముందు ఆథెంటికోడ్, ఆ తర్వాతే హ్యాష్‌ల జాబితా, దాని మీద జీపీజీ సంతకం. వరుస తిరగబడితే హ్యాష్ కలవదు.

డాట్‌నెట్ రాసేవాళ్లకు ఒక మాట. స్ట్రాంగ్ నేమ్ అనేది అసెంబ్లీ గుర్తింపు కోసమే, దాన్ని భద్రత కోసం నమ్ముకోవద్దని మైక్రోసాఫ్టే చెబుతుంది.

మ్యాక్‌లో కోడ్‌సైన్ (సంతకం), నోటరైజేషన్ (ఆపిల్ చేసే తనిఖీ) ఉంటాయి. వాటికి ఏడాదికి 99 డాలర్ల ఆపిల్ డెవలపర్ సభ్యత్వం కావాలి. మా వాడకందారుల్లో మ్యాక్ ఉన్నవాళ్లు తక్కువ కాబట్టి మేం అంతదూరం పోలేదు.

సర్వర్లోనే బిల్డ్ అయ్యే ప్రాజెక్టులకు

బిల్డులన్నీ గిట్‌హబ్ లాంటి చోట ఆటోమేటిక్‌గా జరిగితే, సీక్రెట్ కీని అక్కడ పెట్టాలా అన్న ప్రశ్న వస్తుంది. ప్రైమరీని ఎప్పటికీ పెట్టొద్దు. దానికన్నా సిగ్‌స్టోర్ చూడండి, 2021లో మొదలైంది. ఇందులో ఏళ్ల తరబడి దాచుకోవాల్సిన కీ ఉండదు. కోసైన్ అనే టూల్ మీ లాగిన్‌ను చూపించి పది నిమిషాలు మాత్రమే చెల్లే సర్టిఫికెట్ తీసుకుని, సంతకం చేసి, ఆ సంగతిని రీకోర్ అనే బహిరంగ లాగ్‌లో నమోదు చేస్తుంది. రెండు జాగ్రత్తలు. సొంత ఈమెయిల్‌తో లాగిన్ అయితే ఆ ఈమెయిల్ ఆ లాగ్‌లో శాశ్వతంగా అందరికీ కనిపిస్తుంది. వెరిఫై చేసేటప్పుడు ఎవరి ఐడెంటిటీ, ఎవరు జారీ చేశారు అన్న రెండూ సరిగ్గా ఇవ్వాలి. "ఏదైనా సరే" అన్నట్టు ఇస్తే ఎవరు చేసిన సంతకమైనా పాస్ అవుతుంది. రోజుకో రిలీజ్ చేసే టీమ్‌కు ఇది బాగా నప్పుతుంది. మాది ఏడాదికి మూడు నాలుగు రిలీజులు, చేత్తో చేసుకుంటాం.

గడువు, పోగొట్టుకోవడం, రద్దు

సబ్‌కీ పోయిందని అనుమానం వచ్చిన రోజే ప్రైమరీ ఉన్న పెన్‌డ్రైవ్ తీసి, ఆ సబ్‌కీని రద్దు చేసి, కొత్త పబ్లిక్ కీని కార్డు తప్ప మిగతా మూడు చోట్లా పెట్టాలి. కారణం అడిగినప్పుడు నిజం రాయండి. "కొత్తది వచ్చింది" అని రాస్తే పాత సంతకాలను జనం నమ్ముతూనే ఉంటారు. "దొంగల పాలైంది" అని రాస్తే పాతవన్నీ అనుమానంలో పడతాయి. నిజంగా పోయినప్పుడు అలా పడటమే మంచిది. మంచి రిలీజులకు కొత్త సబ్‌కీతో మళ్లీ సంతకం చేసుకుందురు గానీ.

గడువు తీరితే పాత సంతకాలు చెడిపోవు. కానీ వెరిఫై చేసేవాళ్లకు "కీ ఎక్స్‌పైర్ అయింది" అని కనిపించి భయపడతారు, మాకు ఫోన్లు మొదలవుతాయి. అందుకే తీరకముందే పెంచాలి. మేం ముగ్గురం తప్పకుండా ఒకచోట కలిసేది దసరాకే. ఆ రోజు పాత లాప్‌టాప్ తీసి, తేదీ సరిచేసి, పెన్‌డ్రైవ్ నుంచి ప్రైమరీని ఎక్కించి, "క్విక్ సెట్ ఎక్స్‌పైర్" కమాండ్‌కు ఫింగర్‌ప్రింట్, 14ఎం, చివర సబ్‌కీలన్నింటికీ అని నక్షత్రం గుర్తు ఇస్తాం. దసరా ఏటా ఒకే తేదీన రాదు. అధిక మాసం పడ్డ ఏడాది కొన్ని వారాలు ఆలస్యంగా వస్తుంది. సరిగ్గా ఏడాదే పెడితే పండక్కి ముందే గడువు దాటిపోతుంది, అందుకే 14 నెలలు.

అదే రోజు రెండో పెన్‌డ్రైవ్ కూడా తెరిచి చూస్తాం. కిందటిసారి దాంట్లో ఒక ఫైలు చదవడానికి రాలేదు. మొదటిదాని నుంచి అప్పటికప్పుడు కొత్త కాపీ చేసి, దాంట్లోంచి కీ ఎక్కుతుందని చూసుకున్నాకే పాతదాన్ని పగలగొట్టి పారేశాం.